ఎస్తేరు ఆంటీ పొడి జత

తడిసిన ఉన్ని వాసన బాగుంటుందని ఎవరైనా అంటే నమ్మకండి. వానలో తడిసిన గొర్రెపిల్ల వంటింట్లోకి వచ్చినట్టుంటుంది. ఈ ఆదివారం పొద్దున్నే మా గుమ్మం పక్క హీటరు మీద ఆరుతున్న ఒక జత చేతొడుగుల నుంచి ఆ వాసన ఇల్లంతా కమ్ముకుంది. కాఫీ కప్పు పట్టుకుని దగ్గరికెళ్ళి, ముక్కు ఆనించి మరీ పీల్చాను. ఒళ్ళంతా హుషారెక్కింది. ఆ చేతొడుగులు నావి కావు, ఎవరివో చివర్లో చెబుతాను. వాసన మాత్రం ఎస్తేరు ఆంటీది. ఆవిడ బ్యాగు తెరిస్తే ఇదే వాసన, దాని వెనక కాస్త కర్పూరం. ఎడ్మంటన్‌లో నవంబరు నుంచి మార్చి దాకా దుప్పట్లో పడుకునే నన్ను లేపి మంచు మీద నడిపించిన మనిషి ఆవిడ. మీరెవరూ ఆవిణ్ణి చూడలేదు కాబట్టి నేను చెప్పిందంతా నమ్మక తప్పదు.

మన పిల్లలు తండోపతండాలుగా కెనడాలో దిగుతున్న ఏళ్ళవి. ఏ బస్సెక్కినా వెనక సీట్లోంచి తెలుగు వినిపించేది. నేనూ ఆ గుంపులో కరీంనగర్ నుంచి దిగాను. మా అమ్మ సూట్‌కేసులో పచ్చళ్ళకిచ్చిన చోటు చేతులకివ్వలేదు. అన్నయ్య బైకు గ్లవ్స్ ఒక జత, హైదరాబాదులో కొన్న ఉన్నివి ఒక జత పెట్టింది. ఇక్కడికొచ్చాక సాగే రకం ఇంకో జత నేనే కొన్నాను. మొదటి డిసెంబరులో పార్ట్‌టైమ్ కోసం ఒక షాపుకి వెళ్ళాను. కొండలెక్కేవాళ్ళకి, మంచులో నడిచేవాళ్ళకి కావలసిన సరంజామా అమ్మే షాపు. మూడు జతలూ ఒకదాని మీద ఒకటి బిగించుకుని, అప్లికేషన్ కాగితం పట్టుకోలేక రెండుసార్లు కింద పడేసి, "అబ్బా, సస్తున్న" అని గొణుక్కున్నాను. చేతొడుగుల కౌంటరు వెనక నుంచి అచ్చ తెలుగులో జవాబొచ్చింది.

"చావకు గానీ, ఇలా రా పిల్లా. ఎన్ని వేశావు చేతులకి?"

యాభై దాటిన మనిషి. పొట్టిగా, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో, షాపు వాళ్ళిచ్చిన ఎర్ర చొక్కా మీద మెడలో చిన్న సిలువ గొలుసుతో ఉంది. ఆ షాపులో చేతొడుగుల విభాగం మొత్తం ఆవిడదే.

"మూడు ఏసుకున్న ఆంటీ. అయినా సలి ఆగుతలేదు."

"మూడేసుకున్నావు కాబట్టే ఆగట్లేదు. తియ్, తియ్."

ఒక్కొక్కటీ లాగి తీసింది. వేళ్ళ చివరలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "చూశావా? నెత్తురు రావడానికి దారే లేకుండా కట్టేశావు. పిడికిలి బిగించు, వదులు. మళ్ళీ బిగించు." చేతులు పట్టుకుని నాతో ఇరవైసార్లు చేయించింది. ఈలోగా నా కాగితం మీద పేరు చదివింది. "శ్రావణి. బాగుంది. చలంటే ఏంటో తెలీని దాన్ని చలి షాపులో పెట్టుకుంటే తమాషాగా ఉంటుంది" అని, ఆ కాగితం పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళింది. తర్వాతి సోమవారం నుంచి ఆవిడే నా బాసు. షాపులో నలుగురి ముందు ఎస్తేరు గారు, మేమిద్దరమే ఉంటే ఆంటీ.

ఆంటీది నర్సాపురం. వాళ్ళమ్మ, అమ్మమ్మ లేసు అల్లిన వాళ్ళు. ఆవిడా పదేళ్ళ వయసు నుంచి కొక్కెపు సూది పట్టిందట. ఆ పనితనమంతా కౌంటరు దగ్గర కనిపించేది. సైజుల పట్టీ ఒకటి గోడకుండేది, ఆవిడ దాని వంక చూసేది కాదు. జేబులోంచి దారం ముక్క తీసి అరచేతి చుట్టూ చుట్టి, వేలితో ముడి దగ్గర పట్టుకుని, ఇంకో వేలు దూరేంత వదులు చేసేది. "మా అమ్మ చెప్పేది, లేసులో దారం కొంచెమే, ఖాళీయే ఎక్కువని. ఇదీ అంతే. నిన్ను వెచ్చగా ఉంచేది ఉన్ని కాదే, ఉన్నిలో చిక్కుకున్న గాలి. దానికి చోటు లేకుండా చేస్తే నువ్వు ఎన్ని వేసుకున్నా ఒట్టి గుడ్డే" అనేది. నేను ఇంజనీరింగులో ఉష్ణ ప్రసారం మీద పరీక్ష రాసి పాసైన దాన్ని. ఆ ముక్క నాకు ఆ కౌంటరు దగ్గరే మొదటిసారి బుర్రకెక్కింది.

ఆవిడ చెప్పే పద్ధతి మూడు పొరలు. లోపల పల్చటి లైనరు, చెమట పీల్చడానికి. దాని మీద ఉన్ని, వేడి దాచడానికి. ఆ పైన గాలి, మంచు దూరకుండా గట్టి పైతొడుగు. ఆ పైతొడుగు మాత్రం వేళ్ళున్నది కాదు, మిట్టెను. బొటనవేలికి ఒక గది, మిగతా నాలుగింటికీ కలిపి ఒకే గది. మిట్టెన్లకు ఆవిడ పెట్టిన పేరు ఉమ్మడి కాపురం. "వేరు కాపురాలు పెడితే ఎవరి వణుకు వాళ్ళదే. ఒక్క గదిలో ఉంటే పోట్లాడుకుంటాయేమో గానీ, ఒకదాన్నొకటి కాచుకుంటాయి" అనేది. ఇదే మాట ఇంగ్లీషులో తెల్లవాళ్ళకీ చెప్పేది. వాళ్ళకి సగమే అర్థమయ్యేది గానీ, మిట్టెన్లు కొనుక్కునే వెళ్ళేవాళ్ళు.

ఎవరొచ్చినా ఆవిడ అడిగే మొదటి ప్రశ్న ఎంత చలిలోకి వెళ్తున్నారని కాదు. అక్కడ చేతులతో ఏం చేస్తారని. ఒకసారి తలుపు నిండా ఉన్న మనిషొకడు వచ్చి, షాపులోకెల్లా మందమైన గ్లవ్స్ కావాలన్నాడు. ఆవిడ తెచ్చిచ్చి, "ఇప్పుడు బూటు తాడు కట్టు. ఫోను తియ్యి. నీళ్ళ సీసా మూత విప్పు. జిప్పు పెట్టుకో" అంటూ వరసగా చెప్పింది. ఒక్కటీ చెయ్యలేక అతను పకపకా నవ్వాడు. "చెయ్యలేనివన్నీ నువ్వు గ్లవ్స్ తీసి చేస్తావు. అక్కడే చెడతావు" అంది. అతను వెళ్ళాక నేను ఆటపట్టించాను. "ఆంటీ, పెళ్ళిచూపుల్ల గూడ ఇన్ని ప్రశ్నలు అడగరు." "పెళ్ళి చెడితే మళ్ళీ చేసుకోవచ్చే. వేలు మళ్ళీ మొలవదు" అంది, డబ్బాలు సర్దుకుంటూ.

ఇంత తెలిసిన మనిషికి చలి పడదు. అదే విచిత్రం. కాస్త చల్లగాలి తగిలినా ఆవిడ వేళ్ళు సుద్దముక్కల్లా తెల్లబడిపోయేవి. డాక్టరు ఆ జబ్బుకేదో పేరు చెప్పాడు, ఆవిడ గుర్తుపెట్టుకోలేదు. ఫ్రీజరులోంచి బఠాణీల పొట్లం తీయాలన్నా లైనరు వేసుకునేది. చేతొడుగుల గురించి అంత శ్రద్ధగా నేర్చుకున్నది దానివల్లే. అయినా ప్రతి శనివారం నదీ లోయలో మంచు మీద నడిచేది, నన్నూ ఈడ్చుకెళ్ళేది. రెండు గంటల నడకకి లోపలి లైనర్లు చెమటకి తడుస్తాయి కదా, అందుకని ఇంకో పొడి జత తన జాకెట్ లోపల, గుండెకి ఆనించి దాచుకునేది. సగం దారిలో గబుక్కున మార్చుకునేది. ఆ జత లేకుండా ఆవిడ వెనక్కి తప్ప ముందుకి అడుగెయ్యలేదు.

ఆవిడకొక కోరిక ఉండేది. షాపు గోడ మీద జాస్పర్ కొండల ఫోటో ఉండేది, ఒక లోయ అడుగున నిలువునా గడ్డకట్టిన జలపాతం. "మా గోదారి ఒక్క నిమిషం నిలబడి ఎరగదే. సముద్రం దాకా పరుగే. ఇది చూడు, పడుతూ పడుతూ ఆగిపోయింది. ఒక్కసారి ముట్టుకోవాలి శ్రావణీ." చర్చి వాళ్ళతో ఒకసారి వెళ్ళి, కారు దిగిన చోటే వేళ్ళు తెల్లబడి వెనక్కొచ్చిందట. ఇంకోసారి సగం దారి నుంచి. నా రెండో చలికాలంలో, ఆవిడ ఏప్రిల్లో ఉద్యోగం మానేసి పడమటి తీరాన సర్రీలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోవాలని నిశ్చయమైంది. అక్కడ చలికాలమంటే వానే. మార్చి ముదిరితే లోయలో మంచు కింద నీళ్ళు కదులుతాయి, నడవనివ్వరు. ఇక మిగిలింది ఒక్క ఫిబ్రవరి, మార్చి మొదట్లో నాలుగు రోజులు. నాకు అప్పటికి ఒక పాత కారు, దానికి మించిన ధైర్యం ఉన్నాయి. "నేను తీస్కపోత ఆంటీ" అన్నాను.

తెల్లారకముందే బయల్దేరి నాలుగు గంటలు నడిపాను. మైనస్ ఇరవై. బూట్లకు ఇనుప ముళ్ళ పట్టీలు కట్టుకుని లోయలోకి దిగాం. రెండు వైపులా రాతిగోడలు, కాళ్ళ కింద అద్దం లాంటి ఏరు. నేను ఆనందం పట్టలేక కూతలేశాను, గోడలు తిరిగి కూశాయి. ఆంటీ కర్ర పొడుచుకుంటూ, చిన్నపిల్లలా "ఇంకొంచెమేనా? ఇంకొంచెమేనా?" అని ఎదురొచ్చిన వాళ్ళనల్లా అడిగేది. ఒకావిడ, "ఆ మలుపు తిరిగితే అదే" అని చెప్పింది. అక్కడ నాకు ఆకలేసింది. ఆంటీ జంతికలు నములుతూ నిలబడింది. నేను మాత్రం పొద్దున్న కలిపిన పులిహోర డబ్బా తీశాను. ఆ చలిలో ఆ కొండల మధ్య పులిహోర తినాలని వారం నుంచి కలలు కంటున్నాను. పులిహోర చేత్తో తప్ప తినడం నాకు రాదు. కుడిచేతి పొరలు మూడూ తీసి, నాలుగు ముద్దల్లో ముగించాను. అంతవరకూ పరవాలేదు. తర్వాత ఏం చేశానో చెప్పడానికి ఈనాటికీ సిగ్గుగా ఉంటుంది. సీసా మూత తీసి, చెయ్యి కడుక్కున్నాను.

తిన్నాక చెయ్యి కడుక్కోకుండా లేచే అలవాటు మా ఇంటా వంటా లేదు. బుర్ర ఆలోచించలేదు, చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. ఏడాదికి పైగా ఆ కౌంటరు దగ్గర నిలబడి, తడి కంటే శత్రువు లేదని వందమందికి పాఠం చెప్పిన దాన్ని, మైనస్ ఇరవైలో తడి చెయ్యి తీసుకెళ్ళి లైనరులో దోపాను. ఒక్క నిమిషంలో మండింది. తర్వాత సూదులు గుచ్చినట్టు నొప్పి. ఆంటీకి చెప్పలేదు, మలుపు అంత దగ్గర్లో ఉంటే ఎలా చెప్పను? కాసేపటికి నొప్పి పోయింది. హమ్మయ్య అనుకున్నాను. పోవడమే ప్రమాదమని నాకు తెలుసు, కానీ తెలియనట్టు నడిచాను.

"కర్ర ఎడంచేతికెందుకు మార్చావే?" వెనక నుంచి ఆంటీ అడిగింది.

"ఊరికెనే."

"ఊరికే ఏం కాదు. చెయ్యి చూపించు."

మూడు వేళ్ళు మైనంలా ఉన్నాయి. గాభరాపడి రుద్దబోతే నా ఎడంచేతి మీద చెళ్ళున ఒక్కటేసింది. "రుద్దకు! తోలు ఊడొస్తుంది." తన జాకెట్ జిప్పు లాగి, నా చేతిని తీసుకెళ్ళి తన చంకలో పెట్టుకుని గట్టిగా నొక్కింది. ఆ చల్లదనానికి ఆవిడ పళ్ళు బిగించి "ప్రభువా" అంది గానీ చెయ్యి వదల్లేదు. అలా ఇద్దరం లోయ మధ్య అతుక్కుని నిలబడ్డాం. ఎంతసేపో తెలీదు. వేళ్ళలోకి నెత్తురు తిరిగొస్తుంటే నొప్పికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. "ఏడు, ఏడు. నొప్పుందంటే బతికున్నట్టే" అని నవ్వింది. ఆ తర్వాత గుండె దగ్గర్నుంచి ఆ పొడి జత తీసి నా చేతులకి తొడిగింది.

"ఆంటీ, అవి మీవి."

"నోర్ముయ్."

"మలుపు అదే కద ఆంటీ. మీరు పొయ్యి చూసి రండ్రి. నేనిక్కడనే ఉంట."

ఆవిడ మలుపు వైపు చూసింది. ఒక్కసారే, కానీ ఆ చూపు నేను చూశాను. ఆవిడ వేళ్ళకి ఉన్నది చెమట పట్టిన పాత జత, మార్చుకోవడానికి ఇంకేం లేదు. "జలపాతం ఎక్కడికీ పోదు. పోయేవి వేళ్ళు" అని నా భుజం పట్టి వెనక్కి తిప్పింది. కారులో ఎడ్మంటన్ దాకా చర్చి కబుర్లు చెప్పింది, నన్నొక్క మాట అనలేదు. తిడితే బాగుండేది. నాలుగు మెతుకుల చెయ్యి కడుక్కోవడం కోసం ఒక మనిషి ఎన్నో ఏళ్ళ కోరికని మలుపు దగ్గర ఆపేశాను.

మర్నాటి నుంచి నేను మరో మనిషినయ్యాను. మూడు వారాలు పట్టుబట్టాను. ఆవిడ దారం ముక్క నేను లాక్కుని ఆవిడ చేతులే కొలిచాను. షాపులో ఉన్న ప్రతి లైనరూ వేయించాను, ఒకటి ముంజేతి దగ్గర బిగుతని, ఒకటి గోటి దగ్గర కుట్టు ఉందని తీసేశాను. ఉన్ని పొర అర సైజు పెద్దది తీసుకున్నాను. వాటి మీద పట్టే పైతొడుగు దొరక్క, ఊరవతలి ఇంకో షాపుకి బస్సు మారి వెళ్ళాను. పొడి జతలు ఒకటి కాదు, నాలుగు సిద్ధం చేశాను. రెండు ఆవిడ గుండెకి, రెండు నా గుండెకి. తర్వాత ఆవిణ్ణి కౌంటరుకి అటువైపు నిలబెట్టి అడిగాను.

"జిప్పు పెట్టుకోండ్రి. ఫోను తీయండ్రి. ఏం తింటరు అక్కడ?"

"పులిహోర" అంది కొంటెగా.

"దేంతోని తింటరు?"

ఆవిడ మొహం వేలాడేసుకుంది. "స్పూనుతో."

మార్చి మొదటి వారంలో వెళ్ళాం. మైనస్ పద్దెనిమిది. పోయినసారి నేను చెయ్యి కడుక్కున్న చోటే ఆగి, లైనర్లు తియ్యకుండా చెరో స్పూనుతో పులిహోర తిన్నాం. "ఇది పులిహోర కాదే, మందు" అంటూనే డబ్బా ఖాళీ చేసింది. అక్కడే లైనర్లు మార్పించాను. వేళ్ళు చూశాను, గులాబి రంగులో ఉన్నాయి. మలుపు తిరిగాం.

ఎలా చెప్పను! అయిదారు తాటిచెట్ల ఎత్తున, నీలంగా, మడతలు మడతలుగా, పైనుంచి కిందిదాకా నిలబడిపోయిన నీళ్ళు. ఆంటీ కర్ర వదిలేసి దాదాపు పరిగెత్తింది. దగ్గరికెళ్ళి, ఉమ్మడి కాపురాన్ని తీసి నా చేతిలో పెట్టింది. తర్వాత ఉన్ని పొర. తర్వాత లైనరు పట్టుకుంది.

"ఆంటీ! ఏం జేస్తున్నరు?"

"తొడుగేసుకుని ముట్టుకోవడానికా ఇంత దూరం వచ్చాను? పది లెక్కపెట్టు. పదకొండు అననివ్వకు."

వద్దనాల్సిన దాన్నే. నేను వద్దంటే ఆగేది కూడా. లెక్కపెట్టాను. ఆవిడ వట్టి అరచెయ్యి మంచుకి ఆనించింది, చెవి కూడా దగ్గరగా పెట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగు దగ్గర ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి.

"శ్రావణీ! ఆగలేదే! లోపల పారుతోందే!"

నేనూ చెవి పెట్టాను. ఆ గట్టి మంచు వెనక ఎక్కడో గలగలా నీళ్ళ చప్పుడు. ఆవిడ పకపకా నవ్వుతోంది, నేనూ నవ్వుతున్నాను, నవ్వుతూనే లెక్కపెడుతున్నాను. పది అనగానే చెయ్యి లాగేశాను. వేళ్ళు సుద్దలా తెల్లబడి ఉన్నాయి. రుద్దలేదు. జిప్పు లాగి నా చంకలో పెట్టుకుని నొక్కి పట్టాను. ఎంత చల్లగా ఉన్నాయంటే నా నోట్లోంచి కూడా "ప్రభువా" అనే వచ్చింది, మా ఇంట్లో ఎవరూ అనని మాట. రంగు తిరిగొచ్చేదాకా వదల్లేదు. గుండె దగ్గరి వెచ్చటి జత తీసి తొడిగాను. "మొత్తానికి నీకు పని వచ్చింది" అంది. అంతకుమించి నన్ను మెచ్చుకోవడం ఆవిడకి రాదు.

ఇప్పుడు ఆంటీ సర్రీలో ఉంటుంది. వాన అని, చేతులకి పనిలేదని ఫోనులో విసుక్కుంటుంది. ఆ షాపులో నేను ఎక్కువ కాలం లేను, చదువైపోయి వేరే ఉద్యోగంలో పడ్డాను. కానీ శనివారం నడక మానలేదు. కొత్తగా వచ్చిన పిల్లల్ని నదీ లోయకి తీసుకెళ్తాను, చేతులు దారంతో కొలుస్తాను, చేతులతో ఏం చేస్తారని అడుగుతాను. నా జాకెట్ లోపల ఎప్పుడూ ఒక పొడి జత ఉంటుంది, నాది కాని సైజుది.

నిన్న గుంటూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, నడక మధ్యలో నిమ్మకాయ పులిహోర డబ్బా తీసింది. స్పూను తెచ్చుకోమని చెప్పాను, తెచ్చుకుంది కూడా. నేను బూటు తాడు కట్టుకునేలోపు స్పూను పక్కన పెట్టి చేత్తో తినేసింది. తలెత్తేసరికి నీళ్ళ సీసా వంచి చెయ్యి కడుక్కుని, హడావుడిగా తొడుగుల్లో దోపుకుంటోంది. అరుద్దామని నోరు తెరిచాను. కానీ నవ్వొచ్చింది. అరవలేదు. హీటరు మీద ఆరుతున్న జత, నా పొడి జత తొడుక్కుని ఇంటికెళ్ళిన ఆ అమ్మాయిదే. నేను చేసిందల్లా జాకెట్ జిప్పు లాగి, "చెయ్యి ఇలా తే పిల్లా" అనడమే.